భాగం 9: అడవినాభి – పెంపకం, ప్రవర్ధనం

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 విషయ పరిచయం
9.2 మొక్కను గుర్తించడం
9.3 డుంబ్రిగుడ వాతావరణం – మొక్క జీవితచక్రం
9.4 ప్రవర్ధన పద్ధతులు
9.5 నాటడం, సంరక్షణ
9.6 చేతితో పరాగ సంపర్కం
9.7 విషగుణం – పాటించవలసిన జాగ్రత్తలు
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి: మాదిరి సమాధానాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.11 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అడవినాభి మొక్కను ఆకు, పువ్వు, దుంప లక్షణాల ఆధారంగా గుర్తించగలుగుతారు.
• దాని జీవితచక్రాన్ని మీ ప్రాంతపు వానలు, చలితో పోల్చి వివరించగలుగుతారు.
• దుంపల ద్వారా, విత్తనాల ద్వారా మొక్కలను పెంచే పద్ధతులలోని లాభనష్టాలను చెప్పగలుగుతారు.
• కొండ మీది మొక్కలను తవ్వకుండా తోటను ఎలా పెంచవచ్చో లెక్క వేసి చూపగలుగుతారు.
• ఈ మొక్కను పెంచేవారు పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

9.1 విషయ పరిచయం

గడిచిన భాగంలో గ్లాడియోలస్ వంటి దుంపజాతి పూల మొక్కల సాగు గురించి చదివారు. అవి ఇతర దేశాల నుండి మన తోటలకు వచ్చిన మొక్కలు. ఈ భాగంలో మన తూర్పు కనుమలలో తనంతట తానుగా పెరిగే ఒక పూల మొక్కను గురించి తెలుసుకుందాం.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని డుంబ్రిగుడ మండలం అరకు లోయను ఆనుకొని ఉంది. చాపరాయి దగ్గర బండల మీదుగా పారే నీటిని చూడటానికి ఎంతోమంది ఇక్కడికి వస్తారు. ఇటువంటి కొండ ప్రాంతాలలో వానాకాలంలో పొదల మీదికి, కంచెల మీదికి పాకి, నిప్పురవ్వల వంటి ఎరుపు, పసుపు రంగుల పూలతో కనిపించే తీగ అడవినాభి. దీని శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. కొన్ని ప్రాంతాలలో దీనిని కలప్పగడ్డ, పొత్తిదుంప అని కూడా అంటారు. సంస్కృతంలో దీనికి అగ్నిశిఖ, లాంగలి, కలిహారి అనే పేర్లు ఉన్నాయి. పువ్వు మంటలా ఉంటుంది కనుక అగ్నిశిఖ అన్నారు. లాంగలం అంటే నాగలి. దుంప నాగలి ఆకారంలో వంగి ఉంటుంది కనుక లాంగలి అన్నారు.

తెలుగు పేరులో ఒక హెచ్చరిక కూడా ఉంది. నాభి, వత్సనాభి అనే పేర్లు హిమాలయ ప్రాంతంలో పెరిగే వేరొక విషపు మొక్కకు చెందినవి. ఆ మొక్కతో దీనికి వృక్షశాస్త్ర పరంగా బంధుత్వం లేదు. అయినా మన పెద్దలు దీనిని అడవినాభి అన్నారంటే దీని దుంప ప్రాణం తీస్తుందని వారికి తెలుసు.

ఈ మొక్క తమిళనాడు రాష్ట్ర పుష్పం. జింబాబ్వే దేశపు జాతీయ పుష్పం కూడా. తమిళనాడులోని దిండిగల్, కరూర్, తిరుప్పూర్, నాగపట్టినం జిల్లాలలో రైతులు విత్తనాల కోసం దీనిని పొలాలలో పండిస్తారు. ఆ విత్తనాల నుండి తీసే కాల్చిసిన్ అనే ఆల్కలాయిడ్‌ను గౌట్ అనే కీళ్లవ్యాధికి మందుగా వాడతారు. జపాన్‌లోని కోచి ప్రాంతంలోనూ, నెదర్లాండ్స్‌లోనూ దీనిని గాజు గృహాలలో పెంచి, పూలను కోసి అమ్ముతారు.

ఇన్ని విధాలుగా గిరాకీ ఉన్న మొక్కకు సహజంగానే ముప్పు కూడా ఉంటుంది. పొలంలో నాటడానికి దుంపలు కావాలి. వాటిని సంపాదించడానికి సులభమైన దారి కొండ మీద తవ్వడమే. అయితే ఈ మొక్క ఏడాదికి ఎన్ని కొత్త దుంపలు ఇస్తుందో తెలిస్తే, ఆ దారి ఎంతో దూరం పోదని మీకే అర్థమవుతుంది. ఈ భాగంలో ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

9.2 మొక్కను గుర్తించడం

అడవినాభి కాల్చికేసీ కుటుంబానికి చెందిన ఏకదళబీజ మొక్క. పూర్వం దీనిని లిలియేసీ కుటుంబంలో చేర్చేవారు. లిన్నేయస్ 1753లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు.

కాండం: బలహీనమైన తీగ. ఆధారం దొరికితే 2 నుండి 3 మీటర్ల ఎత్తుకు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ ఎత్తుకు పాకుతుంది. ప్రతి సంవత్సరం కాండం ఎండిపోతుంది. భూమిలో దుంప మిగులుతుంది.

ఆకు: ఈనెలకు సమాంతరంగా పొడవుగా ఉంటుంది. ఆకు కొన సన్నబడి నులితీగగా మారుతుంది. పూలు లేని సమయంలో ఈ మొక్కను గుర్తించడానికి ఇదే ముఖ్యమైన ఆనవాలు. కాకర, దోస తీగలలో నులితీగ కణుపు దగ్గర పుడుతుంది. ఇక్కడ ఆకు కొనే నులితీగ అవుతుంది.

పువ్వు: పొడవైన కాడ మీద తల వంచుకొని ఉంటుంది. 6 పరిపత్రాలు అలల వంటి అంచులతో వెనుకకు, అంటే పైకి మడుచుకొని ఉంటాయి. మొగ్గ ఆకుపచ్చగా ఉంటుంది. విచ్చుకున్నప్పుడు పరిపత్రాల కింది భాగం పసుపుగా, పై భాగం ఎర్రగా కనిపిస్తుంది. కొద్ది రోజులలో పువ్వంతా ఎరుపు రంగుకు మారుతుంది. 6 కేసరాలు గొడుగు కమ్ముల వలె చుట్టూ విస్తరించి ఉంటాయి. కీలం అండాశయం దగ్గరే లంబకోణంలో పక్కకు వంగి ఉంటుంది.

కాయ: మూడు గదుల గుళిక. పండి ఎండినప్పుడు మూడు పాయలుగా విచ్చుకుంటుంది. లోపల నారింజ ఎరుపు రంగు గింజలు వరుసగా ఉంటాయి.

దుంప: రెండు కొమ్ములతో నాగలి వలె వంగి ఉంటుంది. ఒక్కొక్క కొమ్ము చివర ఒకే ఒక మొలకెత్తే మొగ్గ ఉంటుంది. బంగాళదుంపకు ఉన్నట్లు అనేక కళ్లు దీనికి ఉండవు. ఆ ఒక్క మొగ్గ విరిగితే ఆ కొమ్ము మొలవదు.

9.3 డుంబ్రిగుడ వాతావరణం – మొక్క జీవితచక్రం

అరకు లోయ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరులో తిరుగు వానలు కురుస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చలి తీవ్రంగా ఉంటుంది. వలిసెల పూలతో పొలాలు పచ్చబడే కాలానికి వానలు తగ్గుముఖం పడతాయి.

అడవినాభి జీవితచక్రం ఈ వానలకు సరిగ్గా సరిపోతుంది. వేసవి వేడి తరువాత తొలి వానలతో దుంప మొలకెత్తుతుంది. వానాకాలమంతా తీగ పెరుగుతుంది. ఆగస్టు నుండి అక్టోబరు వరకు పూస్తుంది. ఆ తరువాత కాయలు ముదురుతాయి. వాన ఆగి చలి మొదలయ్యేసరికి ఆకులు పసుపు రంగుకు మారి తీగ ఎండిపోతుంది. చలికాలంలోనూ, ఎండాకాలంలోనూ దుంప సుప్తావస్థలో ఉంటుంది. అందువల్ల చలి దానిని బాధించదు.

ఈ కాలంలో భూమిలో జరిగే మార్పును ప్రత్యేకంగా గమనించండి. జూన్‌లో మొలకెత్తిన దుంప తనలోని ఆహారాన్ని తీగకు ఇచ్చి కుంచించుకుపోతుంది. ఆకులు తయారుచేసిన ఆహారంతో దాని స్థానంలో కొత్త దుంప ఏర్పడుతుంది. అంటే మీరు జనవరిలో తవ్వే దుంప జూన్‌లో నాటినది కాదు, దాని సంతానం. ఆకులు పచ్చగా ఉన్నప్పుడే తీగను కోసినా, పీకినా కొత్త దుంప చిన్నదిగా ఉండిపోతుంది. మరుసటి ఏడాది అది పూయకపోవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. పూలు లేని కాలంలో అడవినాభిని ఏ లక్షణంతో గుర్తిస్తారు?
2. ఆకులు పచ్చగా ఉండగా తీగను ఎందుకు కోయరాదు?

9.4 ప్రవర్ధన పద్ధతులు

9.4.1 దుంపల ద్వారా

సాగులో ఎక్కువగా వాడే పద్ధతి ఇది. పెద్ద దుంప నాటితే ఆ ఏడాదే పూలు వస్తాయి. తల్లి మొక్క లక్షణాలు మారవు. పసుపు, అల్లం కొమ్ములను దాచి నాటే అలవాటు ఉన్నవారికి ఈ పని కొత్త కాదు. కాని రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. పసుపు కొమ్ముకు అనేక మొగ్గలు ఉంటాయి కనుక ఒకటి పోయినా మరొకటి మొలుస్తుంది. నాభి కొమ్ముకు మొగ్గ ఒక్కటే. పసుపు కొమ్ము గట్టిది. నాభి దుంప పెళుసుగా ఉండి కొద్దిగా వంచితే విరుగుతుంది.

చేయవలసిన విధానం:
(1) తీగ పూర్తిగా ఎండిన తరువాత, జనవరి – ఫిబ్రవరి నెలల్లో తవ్వాలి. గునపాన్ని మొదలు దగ్గర దించరాదు. ఒక అడుగు దూరం నుండి మట్టిని వదులు చేసి, చేతితో మట్టి తొలగించి దుంపను పైకి తీయాలి.
(2) చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి.
(3) రెండు కొమ్ములు కలిసే వంపు దగ్గర పదునైన కత్తితో కోసి వేరుచేయాలి. కోసిన చోట బూడిద అద్ది రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వాలి.
(4) పొడి ఇసుకలో లేదా రంపపు పొట్టులో, గాలి తగిలే నీడ ప్రదేశంలో నిల్వ చేయాలి. తడి తగిలితే కుళ్లుతుంది.
(5) నాటే ముందు లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపిన ద్రావణంలో అరగంట ముంచి ఆరబెడితే కుళ్లు తగ్గుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక కొమ్ము నాటితే ఒక తీగ వస్తుంది. ఏడాది చివర ఆ తీగ రెండు కొమ్ముల దుంపను ఇస్తుంది. అంటే అన్నీ సవ్యంగా ఉంటే ఏడాదికి రెండింతలు. మీరు 10 కొమ్ములతో మొదలుపెడితే మొదటి ఏడాది చివర 20, రెండవ ఏడాది చివర 40, మూడవ ఏడాది చివర 80 అవుతాయి. అయితే తవ్వేటప్పుడు విరగడం, నిల్వలో కుళ్లడం తప్పవు. ప్రతి ఏడాది నాలుగో వంతు పోయాయనుకోండి. 10 కొమ్ములు మొదటి ఏడాది చివర 15, తరువాత దాదాపు 22, మూడవ ఏడాది చివర 33 అవుతాయి. సగం పోతే 10 కొమ్ములు ఎప్పటికీ 10గానే ఉంటాయి.

ఈ లెక్క మనకు రెండు విషయాలు చెబుతుంది. మొదటిది, ఈ మొక్క సాగులో లాభం దుంపను విరగకుండా తీయడం మీద, పొడిగా దాచడం మీద ఆధారపడి ఉంటుంది. రెండవది, కొండ మీద ఒక దుంపను తవ్వినవారు రెండు కొమ్ములనూ తీసుకుపోతారు. అక్కడ మిగిలేది సున్నా. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. వారపు సంతలో ఎవరైనా బుట్టలతో నాభి దుంపలు కొంటామంటే ఆ బుట్ట వెనుక ఎన్ని కొండవాలులు ఖాళీ అవుతాయో ఊహించండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా దుంపలు తవ్వడం చట్టరీత్యా నేరం కూడా.

9.4.2 విత్తనాల ద్వారా

కొండ మీది మొక్కకు నష్టం లేకుండా సాగు మొదలుపెట్టాలంటే విత్తనమే తగిన దారి. ఒక కాయలో పదుల సంఖ్యలో గింజలు ఉంటాయి. ఊరి గట్టు మీది తీగ నుండి, రెండు వంతుల కాయలను అక్కడే వదిలి, మిగిలినవి మాత్రమే తీసుకుంటే ఆ తీగ వంశం నిలుస్తుంది.

కాయ ఆకుపచ్చ రంగు పోయి పాయలుగా విచ్చుకోబోయే దశలో కోయాలి. నీడలో ఆరబెట్టి గింజలు తీయాలి. కొత్త గింజ వెంటనే మొలవదు. దానికి కొన్ని నెలల సుప్తావస్థ ఉంటుంది. నవంబరు – డిసెంబరులో తీసిన గింజలను వేసవి దాకా పొడిగా ఉంచి, మే నెలాఖరులో విత్తడం మంచిది. విత్తే ముందు ఒక రోజంతా నీటిలో నానబెట్టాలి. ఇసుక, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, లోతైన సంచులలో ఒక సెంటీమీటరు లోతున విత్తాలి. మొలక ఒకేసారి రాదు. కొన్ని వారాలలో కొన్ని, మరికొన్ని ఇంకా ఆలస్యంగా మొలుస్తాయి. మొలవని సంచులను తొందరపడి పారవేయకండి.

మొదటి ఏడాది నారు మొక్క కొద్దిపాటి ఆకులు మాత్రమే వేసి, భూమిలో చిన్న దుంపను కట్టి ఎండిపోతుంది. మొక్క చనిపోయిందని అనుకోరాదు. రెండవ వానాకాలంలో అది మళ్లీ లేస్తుంది. పూలు రావడానికి సాధారణంగా మూడు, నాలుగు సంవత్సరాలు పడుతుంది. ఈ ఆలస్యమే రైతులను దుంపల వైపు మళ్లిస్తుంది. అందువల్ల రెండు పద్ధతులనూ కలిపి వాడాలి. మొదట కొన్ని దుంపలను ఇప్పటికే సాగు చేస్తున్నవారి నుండి కొని నాటండి. అదే ఏడాది విత్తనాల నారు కూడా మొదలుపెట్టండి. నాలుగవ ఏటికి రెండూ కలిసి వస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. 12 కొమ్ములు నాటి, ప్రతి ఏడాది నాలుగో వంతు నష్టపోతే రెండవ ఏడాది చివర ఎన్ని కొమ్ములు ఉంటాయి?
4. విత్తనాల నారు మొదటి ఏడాది ఎండిపోతే ఏమి చేయాలి?

9.5 నాటడం, సంరక్షణ

నేల: నీరు నిలవని ఎర్ర గరప నేలలు, ఇసుక పాలు ఉన్న నేలలు అనుకూలం. పి.హెచ్. విలువ 6 నుండి 7 వరకు ఉంటే మంచిది. కొండవాలు నేలలో నీరు సహజంగా జారిపోతుంది. పల్లపు వరి మళ్లకు దగ్గరగా ఉన్న నేల అయితే ఎత్తైన బోదెలు వేసి నాటాలి.

నాటే కాలం: తొలకరి పడిన తరువాత, జూన్ నెలలో.

పద్ధతి: 6 నుండి 10 సెంటీమీటర్ల లోతున కొమ్మును అడ్డంగా పడుకోబెట్టి, మొగ్గకు దెబ్బ తగలకుండా మట్టి కప్పాలి. పొలంలో వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు ఉంచాలి. కుండీలో అయితే కనీసం ఒక అడుగు లోతు ఉండాలి.

ఆధారం: తీగకు పందిరి వేసేవారు సాధారణంగా లావు కర్రలు పాతుతారు. కాని ఆకు కొన నులితీగ చాలా చిన్నది. అది పెన్సిలు కంటే లావైన కర్రను చుట్టుకోలేదు. కాబట్టి లావు గుంజల మధ్య సన్నని వెదురు బద్దల తడికను గాని, ఎండిన ముళ్ల కంపను గాని, సన్నని తీగలను గాని అమర్చాలి. ఆధారం నాటే సమయంలోనే పెట్టాలి. తరువాత గుంజ దించితే దుంపకు దెబ్బ తగులుతుంది.

నీరు, ఎరువు: వానాకాలంలో నీటి అవసరం అంతగా ఉండదు. వారం పది రోజులు వాన లేకపోతే తడి ఇవ్వాలి. ఆకులు పసుపు రంగుకు మారడం మొదలైన తరువాత నీరు పూర్తిగా ఆపాలి. ఆఖరి దుక్కిలో చివికిన పశువుల ఎరువు వేయాలి. కలుపును చేతితో తీయాలి, లోతుగా తవ్వరాదు.

పురుగులు, తెగుళ్లు: నల్లని శరీరం మీద తెలుపు, ఎరుపు మచ్చలతో కనిపించే లిల్లీ గొంగళి పురుగు ఈ మొక్కకు ప్రధాన శత్రువు. కొద్ది పురుగులే ఆకులన్నీ తినివేస్తాయి. ఉదయం పూట ఏరి సబ్బునీటిలో వేయడం, వేపనూనె ద్రావణం చల్లడం ద్వారా అదుపు చేయవచ్చు. ఎడతెరిపి లేని వానలలో ఆకుమచ్చ తెగులు, దుంపకుళ్లు రావచ్చు. మురుగునీరు పోయే దారి చూడటమే వీటికి మొదటి మందు. కుళ్లిన దుంపలను తీసి లోతుగా పూడ్చివేయాలి.

9.6 చేతితో పరాగ సంపర్కం

పూల అందం కోసం మాత్రమే పెంచేవారికి ఈ పని అవసరం లేదు. విత్తనం కావాలనుకునేవారు తప్పక నేర్చుకోవాలి. కీలం పక్కకు వంగి ఉండటం వల్ల కీలాగ్రం తన పువ్వులోని పరాగకోశాలకు దూరంగా ఉంటుంది. ఈ ఏర్పాటు పరపరాగ సంపర్కానికి అనుకూలం. అడవిలో సీతాకోకచిలుకలు వంటివి పుప్పొడిని మోసుకుపోతాయి. పొలంలో వేల పూలు ఒక్కసారి పూసినప్పుడు అవి చాలవు. అందుకే తమిళనాడు రైతులు కూలీలతో చేతి పరాగ సంపర్కం చేయిస్తారు.

పువ్వు విచ్చి, పరాగకోశాలు పగిలి పుప్పొడి రాలుతున్నప్పుడు, ఉదయం మంచు ఆరిన తరువాత ఈ పని చేయాలి. ఒక మొక్క పువ్వు నుండి పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి, వేరొక మొక్క పువ్వులోని కీలాగ్రానికి అద్దాలి. అద్దిన పువ్వు కాడకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. వాన పడితే మరునాడు మళ్లీ అద్దాలి. సంపర్కం జరిగితే పరిపత్రాలు వాడినా అండాశయం ఉబ్బుతుంది.

కృత్యం: 10 పూలకు చేతితో పుప్పొడి అద్ది, మరో 10 పూలను అలాగే వదిలివేయండి. రెండింటిలోనూ ఎన్ని కాయలు కట్టాయో పట్టికలో నమోదు చేసి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌తో చర్చించండి.

9.7 విషగుణం – పాటించవలసిన జాగ్రత్తలు

అడవినాభి మొక్కలో ప్రతి భాగం విషపూరితమే. దుంపలోనూ, గింజలోనూ విషం ఎక్కువ. దీనికి ప్రధాన కారణం కాల్చిసిన్. ఉడికించినంత మాత్రాన ఈ విషం పోదు.

కాల్చిసిన్ పనిచేసే తీరు వృక్షశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. కణవిభజనలో కండె పోగులు ఏర్పడకుండా అది అడ్డుకుంటుంది. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ దీనితో మొక్కలలో క్రోమోజోమ్‌ల సంఖ్యను రెట్టింపు చేయవచ్చని చూపారు. అప్పటి నుండి కొత్త రకాల సృష్టిలో దీనిని వాడుతున్నారు. అదే శక్తి మనిషి శరీరంలో ప్రమాదకరం అవుతుంది. పేగుల లోపలి పొర, ఎముక మజ్జ వంటి నిరంతరం విభజన చెందే కణాలు ముందుగా దెబ్బతింటాయి.

తిన్న కొన్ని గంటలలో గొంతు మంట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒక్కొక్కసారి ఇవి తగ్గినట్లు కనిపించి, తరువాతి రోజులలో ఒక్కొక్క అవయవం దెబ్బతింటుంది. కాబట్టి వాంతులు తగ్గాయని ఇంట్లో ఉండిపోరాదు. వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తిన్న దుంప ముక్కను గాని, మొక్క ఆకును గాని వెంట తీసుకుపోతే వైద్యులకు గుర్తించడం సులభమవుతుంది. నాటుమందు కోసం ఆగితే విలువైన సమయం పోతుంది.

ఈ ప్రాంతంలో అడవి దుంపలను ఆహారంగా తవ్వుకునే అలవాటు ఉన్నందున కింది నియమాలు తప్పనిసరి:
• తీగ ఎండిపోయిన తరువాత భూమిలోని దుంపను గుర్తించడం కష్టం. నాటిన చోట తప్పక గుర్తు పాతండి.
• చిలగడదుంప, కంద, పెండలం వంటి తినే దుంపల మడికి పక్కన నాటకండి.
• నిల్వ దుంపలను వంటింట్లో, ధాన్యం గదిలో ఉంచకండి. మూత ఉన్న డబ్బాలో, ‘విషం’ అని రాసి, చదవలేనివారికి కూడా తెలిసేలా బొమ్మ గీసి, పిల్లలకు అందని చోట పెట్టండి.
• బడి, అంగన్వాడీ ఆవరణలలో నాటవద్దు. ఎర్రని గింజలు పిల్లలను ఆకర్షిస్తాయి.
• మేకలు, పశువులు మేసే గట్ల మీద కంచె లేకుండా పెంచవద్దు. కోసిన తీగను పశువులకు వేయకండి.
• పని ముగిసిన తరువాత చేతులు, పనిముట్లు సబ్బుతో కడగాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
5. కీలం పక్కకు వంగి ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
6. వాంతులు తగ్గినా రోగిని ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోవాలి?

9.8 సారాంశం

అడవినాభి తూర్పు కనుమలలో సహజంగా పెరిగే, దుంప గల తీగ మొక్క. తొలకరితో మొలిచి, వానాకాలంలో పూసి, చలికాలానికి ఎండి సుప్తావస్థలోకి పోతుంది. ప్రతి కొమ్ముకు ఒకే మొగ్గ ఉండటం వల్ల దుంపల ద్వారా ఏడాదికి గరిష్ఠంగా రెండింతలు మాత్రమే పెరుగుతుంది. విత్తనాల ద్వారా ఎక్కువ మొక్కలు పొందవచ్చు కాని పూయడానికి కొన్నేళ్లు పడుతుంది. కొండ మీద దుంపలు తవ్వడం ప్రవర్ధనం కాదు. అది ఉన్నదానిని తరలించడం మాత్రమే. నీరు నిలవని నేల, సన్నని ఆధారం, జాగ్రత్తగా తవ్వి పొడిగా దాచడం సాగులో ముఖ్యం. మొక్క అంతా విషపూరితం కనుక నాటే చోటు, నిల్వ చేసే చోటు ముందే ఆలోచించి నిర్ణయించుకోవాలి.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి: మాదిరి సమాధానాలు

1. ఆకు కొన నులితీగగా మారి ఉండటం ద్వారా.
2. పచ్చని ఆకులు తయారుచేసే ఆహారంతోనే కొత్త దుంప ఏర్పడుతుంది కనుక.
3. మొదటి ఏడాది చివర 24లో 6 పోగా 18. రెండవ ఏడాది చివర 36లో 9 పోగా 27.
4. సంచిని పారవేయకుండా, పొడిగా ఉంచి, తరువాతి వానాకాలం వరకు వేచి ఉండాలి.
5. ఆత్మపరాగ సంపర్కం తగ్గి, పరపరాగ సంపర్కానికి వీలు కలుగుతుంది.
6. మొదటి లక్షణాలు తగ్గిన తరువాత కూడా అవయవాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అడవినాభి ప్రవర్ధన పద్ధతులను వివరించి, వాటి లాభనష్టాలను పోల్చండి.
2. మీ మండలపు వర్షపాతం, ఉష్ణోగ్రతలను దృష్టిలో ఉంచుకొని అడవినాభి సాగుకు నెలవారీ ప్రణాళిక తయారుచేయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అడవినాభి పుష్ప నిర్మాణాన్ని వర్ణించండి.
2. తీగకు ఆధారం అమర్చడంలో పాటించవలసిన నియమాలు ఏవి?
3. కాల్చిసిన్ మొక్కల ప్రజననంలో ఎలా ఉపయోగపడుతుంది? మనిషికి ఎందుకు హానికరం?

9.11 పదకోశం

ప్రవర్ధనం: ఉన్న మొక్క నుండి కొత్త మొక్కలను పొందే ప్రక్రియ.
సుప్తావస్థ: అనుకూల పరిస్థితులు వచ్చేవరకు విత్తనం లేదా దుంప పెరుగుదల ఆగి ఉండే స్థితి.
నులితీగ: ఆధారాన్ని చుట్టుకోవడానికి ఉపయోగపడే సన్నని నిర్మాణం.
పరిపత్రం: రక్షకపత్రం, ఆకర్షణపత్రం అనే భేదం లేని పుష్పభాగం.
గుళిక: ఎండిన తరువాత పగిలి గింజలను వదిలే కాయ.
ఆల్కలాయిడ్: మొక్కలలో తయారయ్యే నత్రజని గల రసాయన పదార్థం, మోతాదును బట్టి మందుగా గాని, విషంగా గాని పనిచేయవచ్చు.